తోపు నీడలో మన అడవి పూల మొక్కలు: పెంపకము, సంరక్షణము

(నారాయణఖేడ్ ప్రాంతపు పట్టాదారుల కొఱకు చేసిన ప్రసంగ పాఠము)



జొన్నను గుఱించియు, కందిని గుఱించియు, చెఱకును గుఱించియు, ప్రత్తిని గుఱించియు మీకు చెప్పువారు అనేకులు గలరు. నేను నేడు మాటలాడ దలచినది వానిని గుఱించి కాదు. మామిడితోపు క్రిందను, బావిగట్టు మీది చెట్ల నీడను ఊరక పడియున్న నేలను గుఱించియు, ఆ నేలలో ఒకప్పుడు ఎవరును నాటకయే పూచి నేడు క్రమముగా మాయమగుచున్న మొక్కలను గుఱించియు రెండు మాటలు మనవి చేసెదను. “పూలతో గరిసెలు నిండునా?” అని మీలో కొందఱకు తోచవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కావున మొదట దానికే సమాధానము చెప్పి, పిమ్మట పెంపకపు పద్ధతికి వచ్చెదను.

1. దీనివలన రైతునకు కలుగు ప్రయోజనము

మన తోపులలో చెట్ల క్రింది నేలను చూడుడు. ఆకు రాలిన వెంటనే ఊడ్చి తగులబెట్టుదురు. మిగిలిన దానిని మేకలు త్రొక్కి చదును చేయును. వానకాలమున ఆ గట్టి నేలపై పడిన నీరు లోనికి దిగక, పైమట్టిని వెంట గొని వాగులో కలియును. అదే నేలమీద రెండు మూడంగుళముల ఆకును ఉండనిచ్చి, దానినడుమ దుంపజాతి మొక్కలను, తీగలను పెరుగనిచ్చినచో వాన వేగము తగ్గును, నీరు ఇంకును, క్రుళ్లిన ఆకు చెట్టునకే ఎఱువగును.

రెండవది తేనెటీగల సంగతి. మామిడిపూతకు ఈగలును, తేనెటీగలును చేయు సహాయము లేనిదే పిందె సరిగా కట్టదు. పొద్దుతిరుగుడు వేయువారికి తేనెటీగల విలువ మఱింత బాగుగా తెలియును. మామిడి పూత కొన్ని వారములు మాత్రమే యుండును. తక్కిన కాలమున ఆ పురుగులకు ఆహారము ఎక్కడిది? గట్టుమీది అంకుడును, మాధవీలతయు, పిల్లిపీచరయు వేర్వేరు మాసములలో పూచి వానిని మన భూమిలోనే నిలుపును.

మూడవది మందుల సంగతి. సుగంధిపాల, పిల్లిపీచర, నేలతాడి మొదలగునవి మన వైద్యులు చిరకాలముగా వాడుచున్న మూలికలు. అడవిలో అవి తఱుగుచున్న కొలది వాని వెల పెరుగుచున్నది. వాని విత్తనము మన గట్టుమీద నిలిచియుండుట మనకును, మన బిడ్డలకును మంచిది.

2. మనకు వసంతములు రెండు

చలిదేశములలో అడవిపూల తోటలను పెంచువారు వసంతకాలపు పూలనే ముఖ్యముగా చెప్పుదురు. ఇంగ్లండులో బ్లూబెల్ అను నీలిపూవును, ఉత్తర అమెరికాలో ట్రిలియం అను మూడురేకుల పూవును అట్టివి. అచ్చట చెట్లు చలికాలమంతయు మోడులై యుండి, వసంతమున చిగిర్చి నేలకు ఎండ తగులనీయవు. కావున నేలమీది చిన్న మొక్కలు చెట్లు ఆకు వేయుటకు ముందే త్వరపడి పూచి, గింజ కట్టి, దుంపలోనికి అణగును. అచ్చట కొఱత వెలుతురు.

మన దక్కను పీఠభూమిలో కొఱత వెలుతురు కాదు, నీరు. ఫాల్గుణ చైత్రములలో మన అడవికి వెలుతురు ఎంతైనను కలదు. నేలలో తడి మాత్రము లేదు. అందుచేత ఆ దినములలో పూయునవి లోతైన వేళ్లు గల చెట్లును, తీగలును, దుంపలో నీరు దాచుకొన్న ఒకటి రెండు మొక్కలును మాత్రమే. మోదుగ, కొండగోగు, అంకుడు, రేల అప్పుడే పూయును. నేలమీది చిన్న మొక్కలకు వసంతము మృగశిర కార్తెలో వచ్చును. తొలకరి పడిన కొన్నాళ్లకే నేలతాడి పసుపుచుక్కలవలె విచ్చుకొనును. అడవినాభి మొలక పైకి వచ్చును.

అనగా మనకు కొమ్మమీద ఒక వసంతము, నేలమీద ఒక వసంతము. ఈ సంగతి తెలియక పట్టణములనుండి చలిదేశపు మొక్కలను తెచ్చి మామిడి క్రింద నాటి, వేసవి యంతయు నీరు పోసి, చివరకు నష్టపోయినవారిని నేను చూచియున్నాను. నష్టము ఆ మొక్కలకే కాదు. కాపుకు వచ్చిన మామిడికి పూతకు ముందు రెండు మాసములు నీరు ఆపవలెనని మీకు తెలియును. ఆ దినములలో క్రింది మొక్కల కొఱకు నీరు పెట్టినచో చెట్టు పూతకు మారుగా చిగురు వేయును. మన దేశపు దుంపమొక్కలకు ఈ చిక్కు లేదు. మామిడికి ఎండు అవసరమైన దినములలోనే అవియు ఎండి నేలలో నిద్రించును. ఒకదానితో ఒకటి పొత్తు కుదిరిన సంసారము వానిది.

3. నీడను తెలిసికొనుట

నీడయంతయు ఒక్కటి కాదు. వయసు మీఱిన మామిడిమాను మొదట పట్టపగలును చీకటిగా నుండును. అచ్చట ఏదియు పూయదు. దాని కొమ్మల అంచున, ఉదయమో సాయంకాలమో రెండు మూడు గంటల ఎండ తగులుచోట, అన్నిటికంటె మంచి స్థలము. కానుగ, వేప క్రింద ఎండ చిల్లులు పడుచుండును గనుక అదియు అనుకూలము. చింత క్రింద మొక్కలు సరిగా పెరుగవని పెద్దలు చెప్పుట మీరును విన్నదే, అచ్చట శ్రమపడవలదు.

బతుకమ్మకు పేర్చు తంగేడును, గునుగును చూచి, వానిని గూడ తోపులో వేయుదమని కొందఱందురు. అవి ఎండకు పుట్టిన మొక్కలు. నీడలో నాటినచో సాగి, వాలి, పూవు లేక పోవును. వానికి చేనిగట్టే చోటు. అక్కడనే వానిని నఱకక విడిచినచో ఆశ్వయుజమున ఆడుబిడ్డలు దూరము పోవలసిన పని యుండదు.

4. నేలను సిద్ధపఱచుట

మన ప్రాంతము 1956 నవంబరు 1 వఱకు బీదరు జిల్లాలోను, పిమ్మట మెదకు జిల్లాలోను ఉండి, 2016 అక్టోబరు మొదలు సంగారెడ్డి జిల్లాలో చేరినది. జిల్లా ఎన్నిమార్లు మారినను నేల మారలేదు. బీదరు, జహీరాబాదుల వైపునుండి వచ్చు ఎఱ్ఱ జంబిటి రాతి నేల ఒకటి. దానిప్రక్కనే మంజీర వైపున నల్ల రేగడి మఱియొకటి. ఈ రెంటికిని పద్ధతి వేఱు.

ఎఱ్ఱ నేలలో నీరు నిలువదు. అది దుంపలకు మేలు. అచ్చట క్రుళ్లిన ఆకును, పాత పెంటను మాత్రము కలిపిన చాలును. రేగడిలో వానకాలమున దుంప క్రుళ్లును. కావున ఒక అడుగు ఎత్తున గట్టు పోసి, అందులో సగము ఎఱ్ఱమట్టియు గులకరాయియు, సగము ఆకుమట్టియు కలుపవలెను. గట్టు చివర నీరు పోవుటకు దారి ఉంచవలెను.

ఏ నేలయైనను చెట్టు మొదలునకు ఆరడుగులలోపల గడ్డపార వేయరాదు. పైపైన నున్న సన్నని వేళ్లు తెగినచో చెట్టు నీరసించును. ఆకును మాను చుట్టు కుప్పగా ఆనించియు ఉంచరాదు, చెదలు ఎక్కును. ఒక జానెడు ఖాళీ విడువవలెను. తాజా పెంట వేయవలదు.

ఆరంభమున ఒక గుంట నేల చాలును. అది పచ్చబడిన పిమ్మట పెంచుకొనవచ్చును.

5. నాటదగిన మొక్కలు

నేలతాడి. చిన్న తాటిమొలకవలె నుండు ఆకులు, నేలను అంటియుండు ఆరురేకుల పసుపు పూవు. నీడ దీనికి ప్రీతి. లావైన వేరును మొలక కన్నుతో గూడ అంగుళము లోపు ముక్కలుగా కోసి, తొలకరిలో నాలుగంగుళముల ఎడముగా నాటవలెను. ఆకు చలికాలమున ఎండును, చచ్చినదని పెఱికివేయరాదు.

అడవినాభి. ఆకుకొననే తీగవలె చుట్టుకొని ప్రాకును. పూవు మొదట ఆకుపచ్చ పసుపుగా విచ్చి, పిమ్మట నిప్పువలె ఎఱ్ఱనగును. అందుచేతనే దీనిని అగ్నిశిఖ యనిరి. దుంప నాగలివలె వంగియుండును. మొలకకన్ను దాని కొనయందే యుండును గనుక కొన విఱిగిన దుంప మొలవదు. చేతితో మెల్లగా పట్టి రెండు మూడంగుళముల లోతున అడ్డముగా పెట్టి, ప్రక్కన కంపను పాతవలెను. గింజనుండి పెంచినచో పూతకు మూడు నాలుగేండ్లు పట్టును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ మొక్క ఆమూలాగ్రము విషము. దుంప మఱింత విషము. తినదగిన గడ్డయని పొరబడి తిన్నచో ప్రాణాపాయము కలుగును. పసిపిల్లలు తిరుగు ఇంటిదొడ్డిలోను, పశువులు మేయు చోటను దీనిని నాటనే వలదు. కంచె లోపల, తెలిసినవారి చేతిక్రింద మాత్రమే ఉంచవలెను. దుంపను ఇంటిలో ఇతర గడ్డలతో కలిపి ఎన్నడును ఉంచరాదు.

పిల్లిపీచర. ముళ్లు గల సన్నని తీగ. చిన్న తెల్లని సువాసన పూలు. వేరుగడ్డలు గుత్తిగా నుండును. పండిన ఎఱ్ఱ పండ్లలోని నల్ల గింజలను ఒక రాత్రి నానబెట్టి మృగశిరలో మడిలో చల్లి, మఱుసటి యేట నాటవలెను. గడ్డలు త్రవ్వునప్పుడు తల్లికుదురును మొలకలతో గూడ మరల నేలలోనే పెట్టినచో మొక్క నశింపదు.

సుగంధిపాల. నేలమీద ప్రాకు సన్నని తీగ, పూవు చిన్నది. ఆకు నడుమ తెల్లని చార వలన గుర్తింపవచ్చును. వేరుముక్కలవలనను వృద్ధియగును. ఒకసారి నాటుకొన్నచో గట్టును పట్టియుంచును.

కనకాంబరము. ఇది మన దక్షిణదేశపు మొక్కయే. అర నీడలో సంవత్సరములో చాలభాగము పూయును. ఎండిన కాయకు తడి తగిలినచో చిటిలి గింజ దూరముగా పడును. కావున ప్రొద్దుట మంచు ఆరిన పిమ్మట కాయ కోయవలెను. గింజ క్రొత్తదిగా నున్నప్పుడే విత్తవలెను. వేసవిలో కొంచెము తడి కోరును గనుక మామిడికి దూరముగా, బావిగట్టున నాటుట యుక్తము.

చిత్రమూలము, ముళ్లగోరింట. మొదటిది తెల్లని పూవు, రెండవది పసుపు పూవు. చిత్రమూలపు వేరు చర్మమును బొబ్బ లెక్కించును గనుక త్రవ్వునప్పుడు జాగ్రత్త. ముళ్లగోరింట దట్టముగా నాటినచో చిన్న కంచెగా పనిచేయును.

అడవి ఉల్లి. దీనిని నక్కవుల్లి యనియు అందురు. నిజమైన వేసవిపూవు ఇదియే. ఆకు లేని దినములలో వట్టి నేలనుండి కాడ లేచి పూయును. వానలతో ఆకు వచ్చును. గడ్డ విషము. తోపు అంచున, ఎండ తగులు రాతినేలలో ఒకటి రెండు చాలును.

తోపు హద్దున వేయవలసిన చెట్లు, తీగలు. మోదుగ విస్తరాకునకును, కాముని పున్నమనాటి రంగునకును పనికివచ్చునని మీకు చెప్పనక్కఱలేదు. దాని పలుచని కాయ కొనలో ఒకే గింజ యుండును. రాలిన యేడే, నిలువవలసిన చోటనే విత్తవలెను. అంకుడు తెల్లని పూలతో వేసవిలో పరిమళించును. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయునది ఈ కొయ్యతోనే. కొండగోగు రాతి గుట్టలలో ఆకు లేక పెద్ద పసుపు పూలు పూచి, బంకను ఇచ్చును. మాధవీలత మాఘ ఫాల్గుణములలో సువాసన గల పూలు పూయును. మూడు రెక్కల కాయ గాలికి ఎగురును. అది మ్రానై పెరుగు తీగ. లేత మామిడి మీదికి ఎక్కించినచో దానిని అణచివేయును. ముదురు వేపకో, రాతి స్తంభములకో ఎక్కింపవలెను.

6. విత్తనము ఎక్కడనుండి తేవలెను?

ఈ విషయమున నా తప్పును మీ ఎదుట చెప్పుకొనుట నా విధి. కొన్ని సంవత్సరముల క్రిందట నేను తోట వేయ నారంభించినపుడు నేలతాడి దుంపలు కావలెనని ఒక మూలికలవానితో చెప్పితిని. ఒక పెద్ద మూట తెచ్చెను. నేను సంతోషించి అడిగిన సొమ్ము ఇచ్చితిని. వానిలో సగము కన్ను తెగినవి, మొలవలేదు. మఱుసటి తొలకరిలో ఆ గుట్టవైపు పోయి చూచితిని. ఏటేట పసుపుచుక్కలు పఱచినట్లుండు ఆ వాలు అంతయు గుంటలు గుంటలుగా నుండెను. మరల రెండేండ్లు చూచితిని. ఒక్క పూవును కనబడలేదు. మూట కట్టినవాడు అతడే యైనను, కట్టించినది నా సొమ్ము. ఒక గుంట తోట కొఱకు ఒక గుట్టను బోడి చేసితినిగదా యను విచారము నన్ను నేటికిని విడువలేదు.

అప్పటినుండి నేను మూడు నియమములను పాటించుచున్నాను. మీకును అవియే చెప్పుచున్నాను.

ఒకటి: రిజర్వు అడవినుండి మొక్కగాని దుంపగాని తేరాదు. అది చట్టవిరుద్ధము, పైగా తెచ్చినది సగము బ్రతుకదు.

రెండు: మన గట్లమీద నున్నవాని గింజనే తీసికొనవలెను. పది కాయలుండగా ఒకటి కోసి తొమ్మిది విడువవలెను.

మూడు: బావి త్రవ్వునప్పుడు, బాట వేయునప్పుడు, బీడు దున్నునప్పుడు నాగలికి బలియగు దుంపలను మాత్రము నిస్సంకోచముగా ఏఱి తెచ్చుకొనవచ్చును. అది దొంగతనము కాదు, రక్షణ.

ఒకని దగ్గఱ ఒకటి యుండును, మఱియొకని దగ్గఱ మఱియొకటి యుండును. మార్చుకొనినచో కొనవలసిన పని లేదు. మన ప్రక్కనే జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములవారు చిరుధాన్యముల విత్తనములను ఇట్లే చేతినుండి చేతికి మార్చుకొనుచు కాపాడిరి. ఆ సంస్థకు 2019 లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము లభించినది. సామకొఱ్ఱలకు చేసినది పూలకు చేయలేమా?

7. సంరక్షణము

ఈ తోటకు శత్రువులు మూడు: మేక, నిప్పు, పరదేశపు కలుపు.

మొదటి రెండు వానకాలములు మేకను లోనికి రానీయకున్న చాలును. పిమ్మట దుంపలు లోతు పట్టును. ఎండుకంప, దానిలోపల ముళ్లగోరింట వరుస, ఈ రెండు కలిసినచో కంచె గట్టిపడును.

ఆకును తగులబెట్టవలదని చెప్పితిని గనుక నిప్పు భయము మీకు తోచియుండును. అది నిజమే. మాఘము ముగియులోపల తోట చుట్టును ఆరడుగుల వెడల్పున ఆకును ఊడ్చి నేలను బయలు చేయవలెను. ఊడ్చిన ఆకును గుంటలో వేసి పెంటతో కలిపినచో మఱుసటి యేటికి ఎఱువగును.

కలుపులో రెండు ముఖ్యములు. లంటానా కంప అమెరికా ఖండమునుండి పూలమొక్కగా మన దేశమునకు వచ్చినది. నేడు అడవి అంచులను కప్పివేసినది. వయ్యారిభామ 1955 లో పుణెలో మొదట గుర్తింపబడి, తరువాత దేశమంతయు ప్రాకినది. రెంటిని పూవు పూయకముందే, తడినేలలో వేరుతో పెఱుకవలెను. వయ్యారిభామ కొందఱకు దురదయు ఉబ్బసమును కలిగించును గనుక చేతులకు తొడుగు, ముక్కునకు గుడ్డ అవసరము. మొలకెత్తు దినములలో కలుపుతో పాటు మన మొక్కను పెఱుకకుండ, నాటినచోట పుల్ల గ్రుచ్చి గుర్తు పెట్టుడు. కూలివారికి ఒకసారి మొక్కను చూపి చెప్పుడు.

8. కార్తెలను బట్టి పనుల వరుస

భరణి, కృత్తికలు: మోదుగ కాయలు, పిల్లిపీచర గింజలు సేకరించుట, రేగడిలో గట్లు పోయుట.

రోహిణి: ఆకుమట్టి కలుపుట, కంచె సరిచేయుట.

మృగశిర: రెండు మంచి వానలు పడిన పిమ్మట దుంపలు పెట్టుట, గింజలు చల్లుట.

ఆర్ద్ర, పునర్వసు: కలుపు తీయుట, అడవినాభికి కంప పాతుట, నీరు నిలిచినచోట దారి తీయుట.

ఆశ్వయుజ, కార్తికములు: గింజ సేకరణ. ఆకు పండబాఱినను కోయరాదు. ఆ ఆకులోని సారము దుంపలోనికి దిగుచుండును.

మార్గశిరము మొదలు: నీరు పెట్టరాదు, త్రవ్వరాదు. మాఘములో నిప్పునకు అడ్డుగా నేలను బయలు చేయుట మాత్రమే పని.

రైతు సోదరులారా! ఈ పని వలన ఈ యేడే సొమ్ము వచ్చునని నేను చెప్పను. మొదటి యేడు మీరు పెట్టిన దుంపలలో కొన్ని మొలవవు. రెండవ యేడు కొన్ని ఆకులు కనబడును. మూడవ తొలకరినాడు, వాన వెలిసిన ప్రొద్దుట, మీ మామిడి అంచున ఆ చిన్న పసుపుపూవు నేలనంటి విచ్చియుండుటను మీ యింటి పిల్లవాడు చూచి “ఇదేమి పూవు తాతా?” అని అడుగును. దాని పేరు చెప్పగలవాడు ఇంటిలో ఒకడుండవలెను. చూపించుటకు మొక్కయు ఉండవలెను. మొక్క పోయిన పిమ్మట పేరు నిలువదు. ఒక్కొక్క పట్టాదారు ఒక్కొక్క గుంట విడిచినచో రెండును నిలుచును.

వచ్చు మృగశిరకు ముందే మీ తోపులో ఆ గుంటను ఏర్పఱచి, చుట్టు కంప వేయుడని ప్రార్థించుచు ఇంతటితో ముగించుచున్నాను.